ముప్పై ఎనిమిది నిమిషాలు

3 ఆగస్టు 1988, బుధవారం

నేటి సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు మా ముందుగదిలోని సంఘం ఫోను మోగింది. మాట్లాడినవారు మధురానగర్ వాస్తవ్యురాలు హైమవతి. ఆమె భర్త హనుమత్ప్రసాద్ స్కూటరును పంజగుట్ట చౌరస్తాలో లారీ ఢీకొన్నదనీ, ఆయనను చేర్చిన ఆసుపత్రిలో ఎ నెగటివ్ రక్తం నిల్వ లేదనీ, మా రక్తదాతల సంఘానికి ఫోను చేయమని డాక్టర్లు చెప్పారనీ అన్నారు. ఆమె స్వరం స్థిమితంగానే ఉంది. నియమావళి ప్రకారం రోగి పేరు, ఆసుపత్రి, గ్రూపు రాసుకొని, దాతల జాబితా తీసి తెలుపుతానన్నాను. కంప్యూటరుకు గ్రూపు ఇచ్చి మీట నొక్కిన సమయం ఐదు గంటల పన్నెండు నిమిషాలు. జాబితా తెరపైకి వచ్చిన సమయం ఐదు గంటల యాభై నిమిషాలు.

ఈలోగా ఆమె మరి మూడుసార్లు ఫోను చేశారు. ఒకసారి నా భార్య తాజున్నీసా ఎత్తింది. తాజున్నీసాకు తెలుగు అంతంతమాత్రం. 'ఆతా అమ్మా, ఆతా', వస్తుందమ్మా వస్తుంది, అని మాత్రం చెప్పగలిగింది.

సంఘంలో ఎ నెగటివ్ దాతలు తొమ్మిదిమంది. ఆ ఆసుపత్రిలో లాబ్ అటెండరుగా ఉన్న మా సభ్యుడు రాజనర్సయ్యకు ఫోనులో పేర్లన్నీ చదివి వినిపించాను. మొదటి దాత ఊరిలో లేరు. రెండవ దాతకు కామెర్లు. మూడవవాడు కృష్ణానగర్ పెంటయ్య, సినిమాలలో జూనియర్ ఆర్టిస్టు. రాజనర్సయ్య సైకిలుపై వెళ్లేసరికి అతడు షూటింగ్ వ్యాను ఎక్కి ఎప్పుడో వెళ్లిపోయాడని ఇంటావిడ చెప్పిందట. కనుక జాబితా ముందుగా వచ్చినా అతడు దొరికి ఉండేవాడు కాడు. నాలుగవ దాత ఏడు గంటల ఇరవై నిమిషాలకు ఆసుపత్రి చేరాడు.

నేడు మా అమీర్‌పేటలో వోల్టేజి బొత్తిగా లేదు. ట్యూబులైటు కొట్టుకొని కొట్టుకొని గాని వెలగలేదు. ఈ విషయం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

5 ఆగస్టు, శుక్రవారం

హనుమత్ప్రసాద్ నిన్న ఉదయం మరణించారు. వయసు నలభై ఒకటి.

వోల్టేజి తక్కువగా ఉండిన మాట నిజమేనని పక్కింటివారు కూడా అన్నారు.

7 ఆగస్టు, ఆదివారం

అధ్యక్షులు డాక్టర్ చక్రపాణి గారి బంజారా హిల్స్ ఇంటిలో కార్యవర్గం సమావేశమయింది. నిరుడు ఆగస్టు దాకా ఈ కంప్యూటరు వారి బల్లమీదే ఉండేది. వారు కొత్తది తెప్పించుకొని దీనిని సంఘానికి దానం చేసినప్పుడు, దీనిని నడపగలవాడిని సభ్యులలో నేనొక్కడినే. ముప్పై మూడవ ఏట సాయంకాల కళాశాలలో బి.ఎ. పూర్తి చేసినవాడిని, నలభై ఆరవ ఏట సాయంకాలపు కంప్యూటరు తరగతులలో నా సంతానం ఈడువారి నడుమ కూర్చుని ప్రథమ శ్రేణి సాధించినవాడిని. అందువల్ల కంప్యూటరూ, దానితోపాటు సంఘం ఫోనూ మా ముందుగదిలోకి వచ్చాయి. జాబితా తీసే ప్రోగ్రామును సైతం నేనే స్వయంగా రచించాను. నూట నలభై వరుసలు. నాలుగు నెలలు పట్టింది.

బుధవారం నాటి ఆలస్యం చర్చకు వచ్చింది. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. రక్తం వేళకు అంది ఉంటే ఆయన బతికేవారా అని నేనే అడిగాను. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, చెప్పలేమన్నారు. బతికేవారనలేదు. బతికేవారు కాదనీ అనలేదు. చెప్పలేమన్నారు.

రెండు తీర్మానాలు చేశారు. ఒకటి: కంప్యూటరు బాగయ్యేవరకు దాతల పేర్లను రాజనర్సయ్య ఒక నోటుబుక్కులో ఎక్కించుకొని, ఫోను చేసినవారికి తానే సమాధానం చెప్పాలి. రెండు: అక్టోబరు రెండున జరిగే వార్షిక సభలో ఆలస్యానికి కారణం తెలుపుతూ నేను లిఖితపూర్వక నివేదిక చదవాలి. అప్పటికీ కంప్యూటరు బాగు కాకపోతే కంప్యూటరునూ ఫోనునూ వేరొకచోటికి మార్చే విషయం ఆలోచిద్దామని కూడా, నా వంక చూడకుండా, అన్నారు.

మెట్లు దిగుతుండగా రాజనర్సయ్య నా పక్కకు వచ్చాడు. లోగడ దాతల పేర్లన్నీ అతని వద్ద కార్డులమీద ఉండేవి. ఒక్కో గ్రూపుకు ఒక్కో కట్ట, రబ్బరుబ్యాండు వేసి బిస్కెట్ల డబ్బాలో పెట్టేవాడు.

"సాబ్, నోటుబుక్కెందుకు? నా కార్డులు మీ ఇంట్ల ఉన్నయి గద, అవి మల్ల ఇస్తె అయిపాయె."

జనవరిలో కార్యవర్గం ఆమోదంతో ఆ కార్డులను స్నానాల గది బాయిలరులో దహనం చేసి, నాశన ధ్రువపత్రం మీద సంతకం చేసి ఫైలులో ఉంచానని చెప్పవలసి వచ్చింది.

"కాలవెట్టిండ్రా?"

"నియమం ప్రకారం."

"నియమం ప్రకారం కాలవెట్టిండ్రు" అని తనలో తాను అనుకొని, వంగి సైకిలు తాళం తీసుకున్నాడు.

9 ఆగస్టు, మంగళవారం

కారణాన్ని క్రమపద్ధతిలో అన్వేషించాలి. ప్రతి సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అదే ఎ నెగటివ్ జాబితాను అడిగి, పట్టిన సమయం రాయాలని నిశ్చయించాను.

నేడు వోల్టేజి బాగుంది. ముప్పై ఎనిమిది నిమిషాలు.

10 ఆగస్టు

వోల్టేజి బాగుంది. ముప్పై ఎనిమిది.

11 ఆగస్టు, గురువారం

స్టెబిలైజర్లు బాగుచేసే సాయిలును పిలిపించాను. అమీర్‌పేటలో అతని చేతి చలవ లేని రేడియో లేదంటారు. మీటరు పెట్టి చూసి, స్టెబిలైజరులో ఏ దోషమూ లేదన్నాడు. ఆ రోజు వోల్టేజి తగ్గినందువల్ల కంప్యూటరు మందగించి ఉండాలని నేను వివరించాను.

"కరెంటు తక్కువైతే మిషిన్ బంద్ పడ్తది సాబ్. నిమ్మళంగ నడువది."

ఫ్యాను నిమ్మళంగా నడుస్తుంది కదా అన్నాను.

"ఫ్యాను ఫ్యానే సాబ్" అన్నాడు.

సాయిలు చదువుకోలేదు. అతనితో వాదించడం నాకు తగదు. అయినా కొత్త స్టెబిలైజరు పెట్టించాను. ఆగస్టు మూడున వోల్టేజి తక్కువగా ఉండినట్లు ఒక ధ్రువపత్రం కావాలని అడగగా, మీరేం రాస్తె గది రాయుండ్రి, సంతకం పెడ్త అన్నాడు. రాశాను. పెట్టాడు. పత్రం భద్రపరచాను.

కొత్త స్టెబిలైజరుతో: ముప్పై ఎనిమిది.

13 ఆగస్టు, శనివారం

నిన్నా నేడూ రాజనర్సయ్య వచ్చి దాతల పేర్లు నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. ఒక్కో గ్రూపు తెరపైకి రావడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు. గ్రూపులు ఎనిమిది. జేబు నిండా పల్లీలు తెచ్చుకొని, పొట్టు నేల మీద పడకుండా తన టవలులో వేసుకుంటూ కూర్చున్నాడు. తాజున్నీసా అతనికి రెండుసార్లు చాయ్ ఇచ్చింది. అతనితో ఆమె దక్కనీ ఉర్దూలో నవ్వుతూ మాట్లాడుతుంది. ఈ పది రోజులలో నాతో అలా మాట్లాడలేదు.

మూడవ గ్రూపు కోసం ఎదురుచూస్తుండగా రాజనర్సయ్య అడిగాడు.

"గింత సేపు లోపట ఏం జేస్తది సాబ్ ఇది?"

"సీనియారిటీ జాబితా తయారుచేస్తుంది. ఎవరు ముందుగా సంఘంలో చేరారో వారి పేరు ముందు రావాలి."

"ఎంతమందిది?"

"మొత్తం సభ్యులది. ఎనిమిది వందల పన్నెండుమంది."

"మనకు గావాల్సింది తొమ్మిదిమందే గద."

అందులోని సూక్ష్మం అతనికి తెలియదని ఊరుకున్నాను. ఏడవ తరగతితో చదువు ఆపినవాడు. మంచివాడు.

14 ఆగస్టు, ఆదివారం

సీనియారిటీ అంటే ఏమిటో ఈ మనుషులకు తెలియదు.

1979లో మా కార్యాలయంలో సూపరింటెండెంటు పదవులు ఖాళీ అయ్యాయి. ఆనాటికి సీనియారిటీలో నేను మూడవవాడిని; ఖాళీలు మూడు. కాని జాబితాను ఆ తేదీకి తిరిగి తయారుచేయడం ఎవరికో బరువై, నేను బి.ఎ. కాకముందటి పాత జాబితాను బీరువాలోంచి తీసి వాడారు. అందులో నేను పదకొండవవాడిని. అర్జీ పెట్టుకున్నాను. పొరపాటు జరిగినట్లు అంగీకరిస్తూ, జరిగిన నియామకాలను మార్చజాలమని సమాధానం వచ్చింది. తొమ్మిదేళ్లయింది. సీనియర్ అసిస్టెంటుగానే ఉన్నాను. పని నేర్చుకొమ్మని నా వద్దకు పంపినవాడు నేడు నా కాగితాలపై సంతకం చేస్తున్నాడు.

అందుకే నా ప్రోగ్రాములో పాత జాబితా అనేది లేదు. ఎవరు ఎప్పుడు ఏ గ్రూపు అడిగినా, ముందుగా ఎనిమిది వందల పన్నెండుమందినీ ఒకరితో ఒకరిని పోల్చి, ఆ తేదీకి సరికొత్త జాబితా తయారుచేసి, ఆ తర్వాతనే అందులోంచి ఆ గ్రూపువారిని ఏరుతుంది. నా చేతిలో ఎవరి పేరూ వెనక్కి పోదు.

తెలుగులో ఇంత చక్కగా రాయగలిగినందుకు కొంత తృప్తి కలిగింది. పదహారేళ్లవరకు నేను చదివినది ఉర్దూ మీడియం. తెలుగు నేను పరీక్షలు రాసి సంపాదించుకున్న భాష. తాజున్నీసాకు ఉర్దూ తప్ప చదవడం రాదు గనుక ఈ డైరీ దాచవలసిన అవసరమూ లేదు.

15 ఆగస్టు, సోమవారం

జెండా వందనం తర్వాత ఇంటికి వచ్చి కంప్యూటరు మూత విప్పాను. లోపల దుమ్ము నేను ఊహించిన దానికంటే ఎక్కువగా ఉంది. ఒక మూల బల్లిగుడ్డు పెంకు. కారణం ఇదేనని మనసుకు బలంగా తోచింది. మెత్తని కుంచెతో రెండు గంటలు శుభ్రం చేశాను. ఇకపై ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంచాలని తాజున్నీసాను ఆదేశించాను. తన పాత దుపట్టా తెచ్చి ఇచ్చింది.

ముప్పై ఎనిమిది.

20 ఆగస్టు, శనివారం

హార్డ్ డిస్కులో ఫైళ్లు చెల్లాచెదురై ఉంటే వెదకడానికి ఆలస్యమవుతుందని పుస్తకంలో ఉన్నది. మూడు సాయంత్రాలు వెచ్చించి, ఉన్నదంతా ఇరవై రెండు ఫ్లాపీలలోకి ఎత్తి, డిస్కును పూర్తిగా తుడిచి, ఒక్కొక్క ఫైలునూ వరుసగా తిరిగి ఎక్కించాను. చక్రపాణి గారి పాత ఉత్తరాలు, వారి ఆటల ప్రోగ్రాములు తొలగించాను. వేగం పెంచే టర్బో మీట మొదటినుంచీ నొక్కే ఉన్నది.

ముప్పై ఏడు నిమిషాల యాభై సెకన్లు.

పది సెకన్లు తగ్గింది. ఇది పురోగతియే.

23 ఆగస్టు

ఫోను మోగలేదు. మోగినా నేను చెప్పవలసినది ఒక్కటే: రాజనర్సయ్యకు చేయండి.

28 ఆగస్టు, ఆదివారం

కంప్యూటరు తరగతులలో నాకు పాఠం చెప్పిన అరుణాదేవి గారిని ఇంటికి ఆహ్వానించాను. నాకంటే పదిహేనేళ్లు చిన్న. గుంటూరు వైపువారు. కంప్యూటరు పరీక్షించడానికి పిలిస్తే ఆమె దాని ముఖమే చూడలేదు. నా ప్రోగ్రాము కాగితాలు అడిగారు. తర్వాత, జనవరి నుంచి సమయాలు ఎక్కడైనా రాసిపెట్టారా అన్నారు. రాయకుండా ఎలా ఉంటాను? జనవరిలో సభ్యులు రెండు వందల ముగ్గురు, జాబితాకు రెండున్నర నిమిషాలు. ఏప్రిల్‌లో నాలుగు వందల ఆరుగురు, తొమ్మిదిన్నర నిమిషాలు. జులై చివరికి ఎనిమిది వందల పన్నెండుమంది, ముప్పై ఎనిమిది. ఆమె ఆ కాగితం చాలాసేపు పట్టుకున్నారు.

"పేర్లు రెట్టింపైనప్పుడల్లా టైము నాలుగు రెట్లవుతోంది, చూశారా ఖుద్దూస్ గారూ? దుమ్ముకి లెక్కలు రావు కదండీ."

తర్వాత ఇంకేదో చెప్పారు. సీనియారిటీ వదులుకొమ్మనడమే దాని సారాంశం. అది సాధ్యం కాదని మర్యాదగా తెలిపాను. నా కారణాలు ఆమెకు చెప్పనవసరం లేదు. చాయ్ సగం తాగి వెళ్లారు.

29 ఆగస్టు

దుమ్ముకి లెక్కలు రావు. ఇది వాదం కాదు, చమత్కారం.

4 సెప్టెంబరు, ఆదివారం

నివేదిక మొదటి ప్రతి రాశాను. 'ఆగస్టు మూడవ తేదీన విద్యుత్ వోల్టేజి హఠాత్తుగా తగ్గిన కారణంగా' అని ప్రారంభమవుతుంది. సాయిలు ధ్రువపత్రం జతపరిచాను. రెండు పేజీలు. తప్పులు లేవు.

నేడు వోల్టేజి పూర్తిగా ఉన్నది. ముప్పై ఎనిమిది.

11 సెప్టెంబరు, ఆదివారం

రాజనర్సయ్య కొత్త సభ్యుల ఫారాలు ఇచ్చిపోవడానికి వచ్చి, కూర్చోమంటే కూర్చోక, గుమ్మంలోనే నిలబడ్డాడు. కృష్ణానగర్ పెంటయ్య మొన్న ఆసుపత్రికి వచ్చాడట. చనిపోయినాయన సంగతి విని కన్నీళ్లు పెట్టుకున్నాడట.

"ఆనాడు వ్యాను ఐదింటికి రావాల్సింది, లేటయిందట సాబ్. పావు తక్కువ ఆరుకొచ్చిందట. గందాక గల్లీలనే నిలవడి బీడీ తాగుకుంట ఉన్నడట. ఒక్కడన్న వచ్చి పిలిస్తె వ్యాను ఇడిసిపెట్టి ఉరికొస్తుంటి గదనే అని ఒకటే ఏడ్చుడు."

ఎప్పుడో వెళ్లిపోయాడని ఇంటావిడ చెప్పిందే అన్నాను.

"ఆమెకేమెరుక సాబ్, ఇంట్ల పండుకున్నదాయె."

నన్ను బాధపెట్టాలని చెప్పలేదు. తన బరువు ఒక చోట దింపుకోవాలని చెప్పాడు. ఫారాలు నా చేతికిచ్చి వెళ్లాడు.

లెక్క: జాబితా ఐదు గంటల పదిహేనుకు వచ్చి ఉంటే, మొదటి ఇద్దరినీ విచారించడానికి పది నిమిషాలు. సైకిలుపై కృష్ణానగర్‌కు ఇరవై నిమిషాలు, తొందరలో పదిహేను. ఐదు నలభై, ఐదు నలభై ఐదు. అతడు గల్లీలో నిలబడి ఉన్నాడు.

12 సెప్టెంబరు

డాక్టరుగారు చెప్పలేమన్నారు.

13 సెప్టెంబరు

చెప్పలేమన్నారు.

18 సెప్టెంబరు, ఆదివారం

నేడు కంప్యూటరు ముందు కూర్చుని, ఏ మీటా నొక్కకుండా, చాలాసేపు ఉన్నాను. తాజున్నీసా చిక్కుడుకాయలు ఒలుస్తూ నన్ను గమనిస్తున్నది. చివరికి దక్కనీలో ఆమె అన్నమాట తెలుగులో ఇలా ఉంటుంది: "దానికి తెలుగు రాదు, ఉర్దూ రాదు. మీరు చెప్పిందే చేస్తుంది పాపం. దాన్నెందుకు అట్ల చూస్తారు?"

నేను చెప్పిందే చేస్తుంది.

ఆమె మరొక విషయం కూడా చెప్పింది. ఆ సాయంత్రం ఫోనులో హైమవతి ఏమీ అడగలేదట. తాజున్నీసా గొంతు విని, ఇంట్లో ఎవరో ఆడమనిషి ఉన్నదన్న ధైర్యంతో కాబోలు, ఏడ్చారట. అంతే. ఇది ఇంతవరకు నాకు చెప్పలేదు.

25 సెప్టెంబరు, ఆదివారం

ఆగస్టు ఇరవై ఎనిమిదిన అరుణాదేవి గారు చెప్పినది నేను ఇక్కడ సరిగా రాయలేదు. ఆమె మాటలు నాకు గుర్తున్నాయి. వాటిని యథాతథంగా రాస్తున్నాను.

"ఎనిమిది వందలమందినీ వరసలో నిలబెట్టి, ఆ తర్వాత ఎ నెగటివ్ వాళ్లు ముందుకి రండీ అంటున్నారు. ముందే వాళ్లని పిలిచి, ఆ తొమ్మిదిమందినే వరసలో నిలబెట్టండి. మీ సీనియారిటీ ఎక్కడికీ పోదండీ. ఈ ఆరు లైన్లు పైకి జరపాలి, అంతే."

వదులుకొమ్మని ఆమె అనలేదు. జరపమన్నారు.

నేడు మధ్యాహ్నం ఆ ఆరు వరుసలను పైకి జరిపాను. చేతి గడియారం బల్లపై పెట్టుకొని ఎ నెగటివ్ అడిగాను.

యాభై రెండు సెకన్లు.

పేర్లు తొమ్మిది. క్రమం అదే. మూడవ పేరు పెంటయ్య.

తిరిగి అడిగాను. యాభై రెండు. స్టెబిలైజరు తీసివేసి అడిగాను. యాభై రెండు. ఆరు వరుసలను కిందికి, పాత చోటికి జరిపి అడిగాను. ముప్పై ఎనిమిది నిమిషాలు కూర్చున్నాను. తిరిగి పైకి జరిపాను. యాభై రెండు సెకన్లు.

రాజనర్సయ్య కార్డుల కట్టలు సైతం ముందు గ్రూపును బట్టే కదా ఉండేవి.

తాజున్నీసా చూసి ఎంతో సంతోషించింది. అల్లాకు షుక్ర్ చెప్పి, ఇదే డబ్బానా, ఏ సామానూ మార్చలేదా అని అడిగింది. మార్చలేదన్నాను. అయితే అప్పుడు, అని మొదలుపెట్టి నా ముఖం చూసి ఆగింది. లోపలికి వెళ్లింది.

28 సెప్టెంబరు, బుధవారం

నివేదిక నాలుగవ ప్రతి. మొదటి మూడూ చించివేశాను. ఇది అర పేజీ మాత్రమే.

'ఆగస్టు మూడవ తేదీ నాటి ఆలస్యానికి కారణం విద్యుత్తు కాదు, యంత్రం కాదు. ప్రోగ్రాము రచించినవాడు పని వరుసను తప్పుగా ఏర్పరచడమే కారణం. ఆ రచించినవాడిని నేను. ఆ దోషాన్ని సభ్యుడు రాజనర్సయ్య ఆగస్టు పదమూడున నాకు సూచించారు, నేను వినలేదు. శ్రీమతి అరుణాదేవి గారు ఆగస్టు ఇరవై ఎనిమిదిన సూచించారు; నేను వినలేదు. సవరణకు పట్టిన సమయం పది నిమిషాలు.'

సంతకం చేశాను. పేరు తర్వాత బి.ఎ. అని రాయలేదు.

2 అక్టోబరు, ఆదివారం

జరిగినది జరిగినట్లు రాస్తాను.

వార్షిక సభకు అరవైమంది వచ్చారు. కంప్యూటరును ఆటోలో, నా ఒడిలో పెట్టుకొని, పంజగుట్ట సభాస్థలికి తీసుకొనివెళ్లాను. డాక్టర్ చక్రపాణి గారికి దాని వేగం సంగతి శుక్రవారమే తెలుసు. వారు అమితానందభరితులై ఉన్నారు. నివేదికకు ముందు ప్రదర్శన జరగాలన్నారు. నేను నివేదిక ముందన్నాను. "అదెంతసేపండీ, తర్వాత చదువుదురుగాని" అని నా భుజం తట్టి, సభవైపు తిరిగి, ఎవరైనా ఒక గ్రూపు చెప్పండి అన్నారు.

వెనుక వరుసలోంచి ఒక స్త్రీ "ఎ నెగటివ్" అన్నారు.

ఆమె ముఖం నేను మునుపు చూడలేదు. గొంతు గుర్తుపట్టాను.

మీట నొక్కాను. యాభై రెండు సెకన్లలో తొమ్మిది పేర్లు వచ్చాయి. సభ్యులు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఒకాయన, ఖుద్దూస్ భాయ్ కమాల్ చేసిండు అన్నాడు. రాజనర్సయ్య చప్పట్లు కొట్టలేదు; వెనక్కి తిరిగి ఆమె వంక చూస్తున్నాడు. అతను కూడా గుర్తుపట్టాడు.

ఆ తర్వాత భోజనాల వేళ అయిందన్నారు. నివేదిక చదివినట్లుగానే భావించి ఆమోదించాలని ఎవరో ప్రతిపాదించారు, ఎవరో బలపరిచారు. చేతులెత్తారు. అది నా జేబులోనే ఉన్నది. ఎప్పుడైనా లేచి నిలబడవచ్చును. నా కాళ్లు చక్కగానే ఉన్నాయి.

హైమవతి గారు బల్ల దగ్గరికి వచ్చారు. దాతగా చేరడానికి వచ్చానని ఫారం అడిగి, నిలబడే నింపారు. ఓ పాజిటివ్. తర్వాత తెరమీద ఇంకా అలాగే ఉన్న తొమ్మిది పేర్లను కింది నుంచి పైకి చదివారు.

"ఇంత త్వరగా వస్తుందాండీ ఇది?"

వస్తుందన్నాను.

"మరి ఆ రోజు ఏమైందండీ?"

నేను నోరు తెరిచేలోగా చక్రపాణి గారు ముందుకు వచ్చారు. వారిది దయగల మనసు. ఆ రోజు ఊరంతా వోల్టేజి పడిపోయిందనీ, అటువంటప్పుడు మిషను నత్తనడక నడుస్తుందనీ, ఖుద్దూస్ గారు రెండు నెలలు నిద్రాహారాలు మాని దాన్ని బాగుచేశారనీ చెప్పారు. ఆమె అంతా విన్నారు. విని, డాక్టరుగారి వైపు కాక, నా వైపు తిరిగారు.

"అంతేనాండీ?"

నా చేయి జేబు మీద ఉన్నది. రాజనర్సయ్య రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"అంతేనమ్మా" అన్నాను.

ఆమె తలవూపి, ఆ రోజు మీరూ చాలా శ్రమపడ్డారు, మీ ఇంట్లో ఆవిడ కూడా ఎంతో ఇదిగా మాట్లాడారు, ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి అన్నారు. భోజనానికి ఉండలేదు.

రాజనర్సయ్య కంప్యూటరును ఆటోలోకి ఎక్కించడానికి ఒక పక్క పట్టాడు. తన నోటుబుక్కును దాని మీద పెట్టి, ఇక నాకెందుకు సాబ్ అని వెళ్లిపోయాడు.

ఆమె నమస్కారాలు తాజున్నీసాకు ఇంకా చెప్పలేదు.

3 అక్టోబరు, సోమవారం

ఉదయం ఎనిమిదింటికి ఫోను మోగింది. కాన్పు కేసు. ఎబి నెగటివ్ కావాలన్నారు. నలభై తొమ్మిది సెకన్లలో పేర్లు చదివి వినిపించాను. మాట్లాడినాయన ఒక నిమిషం నమ్మలేదు. "మస్తు జల్ది చెప్పిండ్రు సాబ్. మీ మేలు మర్చిపోను" అన్నాడు.

ఈ ఫోను ఈ ఇంట్లో ఉన్నన్ని రోజులు ఎవరో ఒకరు నాతో ఈ మాట అంటూనే ఉంటారు.